ఇంటర్నెట్‌లో మల్టీకాస్ట్ వీడియోకు రద్దీ నియంత్రణ: రూపకల్పన నుంచి పరీక్ష దాకా

1986 అక్టోబరులో లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలకూ, అక్కడికి 400 గజాల దూరంలోనే ఉన్న బర్కిలీ విశ్వవిద్యాలయానికీ మధ్య నెట్‌వర్క్ వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. దారిలో పట్టనన్ని ప్యాకెట్లను యంత్రాలు పంపుతూ పోవడం, పోయినవాటిని మళ్లీ మళ్లీ పంపడం వల్ల వచ్చిన చేటు అది. ఆ అనుభవం నుంచి వాన్ జాకబ్సన్ 1988లో ప్రకటించిన పద్ధతులు, యంత్రాల మధ్య డేటా చేరవేసే నియమావళి అయిన టీసీపీలో భాగమయ్యాయి. అప్పటి నుంచి ఇంటర్నెట్ నిలబడి ఉండటానికి ప్రధాన కారణం, ప్యాకెట్ పోయిందని తెలియగానే పంపే యంత్రం తనంతట తానే వేగం తగ్గించుకోవడం. మల్టీకాస్ట్ వీడియో, అంటే ఒకసారి పంపిన ప్రవాహాన్నే దారిలోని రౌటర్లు నకలు తీసి చాలామందికి చేర్చే వీడియో, మాత్రం యూడీపీ అనే మరో నియమావళి మీద వెళుతుంది, యూడీపీకి ఆ పట్టింపు లేదు. నష్టం ఎంత ఉన్నా సెండర్ అదే వేగంతో పంపుతూ పోతే, అదే లింకు మీద ఉన్న టీసీపీ వినియోగదారులందరూ వెనక్కి తగ్గి దానికి దారి వదిలేస్తారు. అది మర్యాద కాదు, మంచి ఇంజనీరింగూ కాదు.

ఈ మార్గదర్శి ఒక ఉదాహరణ చుట్టూ సాగుతుంది. ఒక విశ్వవిద్యాలయం తన ప్రత్యక్ష పాఠాన్ని కొన్ని వందల కళాశాలలకు ఒకే ప్రవాహంగా పంపదలచింది. కొన్నిచోట్ల వంద ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) ఫైబర్ ఉంది, కొన్నిచోట్ల రెండు ఎంబీపీఎస్ కూడా నిలకడగా రాదు. వీరందరికీ పాఠం అందాలి, దారిలో ఇతరుల రాకపోకలకు అడ్డు పడకూడదు. చదివేవారికి యూడీపీ సాకెట్లు, ఆర్‌టీపీ, ఐపీ రౌటింగ్ ప్రాథమికంగా తెలుసని అనుకుంటున్నాను.

మొదటి అడుగు: అసలు అవసరమా అని తేల్చుకోవడం

ఒక సంస్థ తన సొంత ఫైబర్ మీద ఇంటింటికీ టీవీ చానళ్లను ఐపీ మల్టీకాస్ట్‌గా ఇచ్చేటప్పుడు, ఆ చానళ్లకు కావలసిన బ్యాండ్‌విడ్త్‌ను ముందే వేరుచేసి పెడుతుంది. ఒక్కో చానల్ వేగం స్థిరం, ఒక ఇంటికి ఒకేసారి ఎన్ని చానళ్లు వెళ్లవచ్చో కూడా ముందే లెక్క ఉంటుంది. అటువంటి చోట కావలసింది ప్రవేశ నియంత్రణ, అంటే చోటు లేకపోతే కొత్త చానల్‌ను అనుమతించకపోవడం. ఈ వ్యాసంలోని యంత్రాంగం అక్కడ గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తినట్లే.

ప్రవాహం ఒక్క సంస్థ గడప దాటి, ఇతరుల టీసీపీ రాకపోకలతో లింకులు పంచుకుంటే లెక్క మారుతుంది. ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్ 1998లోనే, ఆర్‌ఎఫ్‌సీ (అది వెలువరించే సంఖ్యాయుత పత్రం) 2357లో, నమ్మకమైన మల్టీకాస్ట్ ప్రోటోకాల్ ఏదైనా రద్దీని ఎలా నియంత్రిస్తుందో చూపాలని కోరింది. 2017 నాటి ఆర్‌ఎఫ్‌సీ 8085 యూడీపీ వాడే అందరికీ, మల్టీకాస్ట్‌తో సహా, ఇదే బాధ్యతను గుర్తు చేస్తుంది. రిసీవర్ వైపు నెట్‌వర్క్‌లో మల్టీకాస్టే లేని చోట ఆర్‌ఎఫ్‌సీ 7450లోని ఏఎంటీ సొరంగం ద్వారా యూడీపీలో చుట్టి పంపే వీలుంది. సొరంగంలో వెళ్లినంత మాత్రాన బాధ్యత తప్పదు, ఎందుకంటే ఆ ప్యాకెట్లు కూడా అవే లింకుల మీద వెళతాయి.

రెండో అడుగు: వేగం ఎవరు తగ్గించుకోవాలో నిర్ణయించడం

యూనికాస్ట్‌లో పంపేది ఒకరు, అందుకునేది ఒకరు. నష్టం కనబడితే పంపేవారు తగ్గుతారు. ఈ నియమాన్నే యథాతథంగా మల్టీకాస్ట్‌కు తెస్తే మొదటికే మోసం వస్తుంది. వెయ్యి మంది రిసీవర్లు ఉన్నారనీ, ఒక్కొక్కరి దారిలో వెయ్యి ప్యాకెట్లకు ఒకటి మాత్రమే, అదీ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా పోతుందనీ అనుకుందాం. ఏ ఒక్క ప్యాకెట్‌ను తీసుకున్నా, కనీసం ఒక రిసీవర్ దగ్గర అది పోయి ఉండే సంభావ్యత 63 శాతం. ప్రతి నష్ట వార్తకూ సెండర్ వేగం తగ్గించుకుంటూ పోతే, ఎవరి దగ్గరా నిజమైన రద్దీ లేకున్నా ప్రవాహం దాదాపు సున్నాకు చేరుతుంది. పైగా వెయ్యి మందీ వార్త పంపితే ఆ వార్తలే సెండర్‌ను ముంచెత్తుతాయి.

దీనికి రెండు తోవలున్నాయి. మొదటిది ఏకవేగ పద్ధతి: అందరిలో అతి నెమ్మదైన రిసీవర్‌ను గుర్తించి, మొత్తం గుంపు అతని వేగంతోనే నడుస్తుంది. రెండోది పొరల పద్ధతి: వీడియోను అనేక పొరలుగా విడగొట్టి ఒక్కో పొరను ఒక్కో మల్టీకాస్ట్ గ్రూపుకు పంపితే, ఎవరి దారికి తగినన్ని పొరలను వారు తీసుకుంటారు. ఇందులో సెండర్ వేగం మార్చడు, భారం పూర్తిగా రిసీవర్‌దే.

రిసీవర్ల దారులన్నీ దాదాపు ఒకే స్థాయిలో ఉంటే ఏకవేగం చాలు, అమలు చేయడమూ తేలిక. మన ఉదాహరణలో రెండు ఎంబీపీఎస్ కళాశాల కోసం వంద ఎంబీపీఎస్ కళాశాలను శిక్షించడం న్యాయం కాదు కనుక పొరలే తగినవి. అయినా ఏకవేగ పద్ధతిని ముందు నేర్చుకోవాలని నా అభిప్రాయం. న్యాయమైన వాటా ఎంతో రిసీవర్ తనంతట తాను లెక్కించే విధానం అక్కడే స్పష్టంగా ఉంటుంది, ఆ లెక్క పొరల పద్ధతిలోనూ అక్కరకు వస్తుంది.

మూడో అడుగు: చిరునామాలు, సాకెట్లు

సెండర్ ఒక్కరే కనుక సోర్స్ స్పెసిఫిక్ మల్టీకాస్ట్ ఎంచుకోవాలి. సంస్థల మధ్య ఎవరైనా పంపగల పాత పద్ధతిని 2020లో ఆర్‌ఎఫ్‌సీ 8815 వద్దని తేల్చింది. ఇందుకు కేటాయించిన చిరునామాలు 232తో మొదలవుతాయి, రిసీవర్ యంత్రాల్లోనూ రౌటర్లలోనూ ఐజీఎంపీ (గ్రూపులో చేరుతున్నామనీ, వైదొలగుతున్నామనీ రౌటర్‌కు చెప్పే నియమావళి) మూడో వెర్షన్ ఉండాలి. ప్రతి పొరకూ ఒక గ్రూపు చిరునామా, ఒక పోర్టు కేటాయించాలి.

ఇక్కడ రెండు ఉచ్చులున్నాయి. ఐపీ మల్టీకాస్ట్ చిరునామాలోని చివరి 23 బిట్లు మాత్రమే ఈథర్‌నెట్ చిరునామాలోకి వెళతాయి. అందువల్ల 232.1.1.1, 232.129.1.1 రెండూ స్విచ్‌కు ఒకే చిరునామాగా కనబడతాయి. ఈథర్‌నెట్ చిరునామాను బట్టి వడపోసే స్విచ్ అయితే, ఒక పొర నుంచి వైదొలగినా రెండోదాని కోసం తెరిచిన తలుపులోంచి మొదటిదీ వస్తూనే ఉంటుంది. అలాగే 232.128.0.5 వంటి చిరునామా, రౌటర్లు తమలో తాము మాట్లాడుకునే 224.0.0.5తో ఈథర్‌నెట్ స్థాయిలో కలిసిపోతుంది. ఆ శ్రేణిని చాలా స్విచ్‌లు వడపోయకుండా అన్ని పోర్టులకూ వెదజల్లుతాయి. పొరలకు 232.1.1.1, 232.1.1.2 అంటూ పక్కపక్క చిరునామాలు ఇస్తే ఈ రెండు బాధలూ ఉండవు.

రెండో ఉచ్చు లైనక్స్‌లో ఉంది. సాకెట్‌ను ఏ చిరునామాకూ కట్టకుండా పోర్టుకు మాత్రమే కట్టి వదిలేస్తే, అదే యంత్రంలో మరో ప్రోగ్రామ్ చేరిన గ్రూపుల ప్యాకెట్లు కూడా ఈ సాకెట్‌లోకి వస్తాయి. ఐపీ మల్టీకాస్ట్ ఆల్ అనే సాకెట్ ఐచ్ఛికాన్ని సున్నా చేయాలి, లేదా సాకెట్‌ను గ్రూపు చిరునామాకే కట్టాలి. లేకపోతే ఏ పొర నుంచి ఎంత వస్తోందన్న లెక్కే తప్పవుతుంది, దాని మీద కట్టిన నిర్ణయాలన్నీ తప్పవుతాయి. లైనక్స్‌లో ఒక సాకెట్ చేరగల గ్రూపుల గరిష్ఠ సంఖ్య మామూలుగా 20, పొరలు అంతకు మించితే ఆ పరిమితిని పెంచుకోవాలి.

ప్యాకెట్ పరిమాణం విషయంలో ఆలోచన అక్కర్లేదు. ఎంపెగ్ ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమ్ వాడితే 188 బైట్ల ముక్కలు ఏడు కలిపి 1316 బైట్లు చేయడం వాడుక, అది ఈథర్‌నెట్ హద్దులో హాయిగా ఇముడుతుంది.

నాలుగో అడుగు: న్యాయమైన వేగాన్ని రిసీవర్ దగ్గర లెక్కించడం

ఏకవేగ పద్ధతులకు ప్రామాణిక రూపం టీఎఫ్‌ఎంసీసీ. జోర్గ్ విడ్మర్, మార్క్ హ్యాండ్లీ దీన్ని 2001లో ప్రతిపాదించారు, 2006లో ఆర్‌ఎఫ్‌సీ 4654గా ప్రయోగాత్మక స్థాయిలో వెలువడింది. దీని మూలభావం సరళం: ఇదే దారిలో ఇదే నష్టంతో ఒక టీసీపీ ప్రవాహం ఉంటే అది ఎంత వేగం పొందేదో సూత్రంతో లెక్కించి, ఆ వేగాన్ని మించకపోవడం. ఆ లెక్కను సెండర్ కాక ప్రతి రిసీవర్ తన దగ్గరే చేసుకుంటుంది. సూత్రం ఇది, ఇందులో ‘ప’ అంటే నష్ట ఘటనల రేటు:

వేగం = 8 × ప్యాకెట్ బైట్లు ÷ { ఆర్‌టీటీ × [ √(2ప/3) + 12 × √(3ప/8) × ప × (1 + 32ప²) ] }

ఆర్‌టీటీ అంటే ప్యాకెట్ వెళ్లి జవాబు తిరిగి రావడానికి పట్టే సమయం, సెకన్లలో. ఫలితం సెకనుకు బిట్లలో వస్తుంది. 1316 బైట్ల ప్యాకెట్, 100 మిల్లీసెకన్ల ఆర్‌టీటీ తీసుకుంటే, నష్టం 0.1 శాతం ఉన్నప్పుడు న్యాయమైన వేగం సుమారు 4.04 ఎంబీపీఎస్, ఒక శాతమైతే 1.18, ఐదు శాతమైతే 0.39. ఈ మూడు అంకెలను మనసులో ఉంచుకుంటే తరవాతి నిర్ణయాలు చాలావరకు సులువవుతాయి. ఒక శాతం నష్టం వీడియో చూసేవారికి పెద్దగా తెలియకపోవచ్చు, ముందస్తు దిద్దుబాటు కోడ్ (పోయిన ప్యాకెట్లను తిరిగి కట్టుకునేందుకు ముందే కలిపి పంపే అదనపు డేటా) దాన్ని సులభంగా కప్పేస్తుంది కూడా. కానీ ఆ నష్టంతో నాలుగు ఎంబీపీఎస్ తీసుకుంటున్న ప్రవాహం, పక్కనున్న టీసీపీ వాటాకు మూడింతలకు పైగా లాక్కుంటోందని అర్థం.

‘ప’ను లెక్కించడంలో జాగ్రత్త కావాలి. పోయిన ప్యాకెట్ల శాతాన్ని నేరుగా పెట్టకూడదు. ఒక ఆర్‌టీటీ వ్యవధిలో ఎన్ని ప్యాకెట్లు పోయినా అది ఒకే నష్ట ఘటన, ఎందుకంటే టీసీపీ కూడా ఆ వ్యవధిలో ఒక్కసారే వెనక్కి తగ్గుతుంది. రెండు ఘటనల మధ్య వచ్చిన ప్యాకెట్ల సంఖ్యను ఒక విరామంగా తీసుకుని, చివరి ఎనిమిది విరామాలకు 5, 5, 5, 5, 4, 3, 2, 1 అనే భారాలతో సగటు కట్టాలి. కొత్త వాటికి పెద్ద భారం, పాతవాటికి చిన్నది. ఆ సగటును తలకిందులు చేస్తే ‘ప’ వస్తుంది. ఇంకా ముగియని ప్రస్తుత విరామాన్ని, దాన్ని కలిపితే సగటు పెరిగేటప్పుడు మాత్రమే కలపాలి. ఈ సగటు వల్లే వేగం టీసీపీలా రంపపు పళ్ల తరహాలో ఎగిరిపడకుండా మెల్లగా మారుతుంది, వీడియో ఎన్‌కోడర్‌కు కావలసిందీ అదే.

ఆర్‌టీటీని రిసీవర్ ఒంటరిగా కొలవలేదు. రిసీవర్ తన నివేదికలో సమయ ముద్ర పెట్టి పంపుతుంది, సెండర్ దాన్ని తరవాతి డేటా ప్యాకెట్లలో ఒకదానిలో తిప్పి పంపుతుంది. ఒక్కో డేటా ప్యాకెట్‌లో ఒక్క రిసీవర్ ముద్రకే చోటు ఉంటుంది కాబట్టి అందరికీ కొలత వెంటనే దొరకదు. అంతవరకు 500 మిల్లీసెకన్లు అని అనుకోవాలి. ఇది కావాలని పెద్దగా ఉంచిన అంకె. ఆర్‌టీటీ ఎక్కువ అనుకుంటే లెక్కించిన వేగం తక్కువ వస్తుంది, తప్పు జరిగినా ఇతరులకు హాని చేయని వైపే జరుగుతుంది.

ఐదో అడుగు: నివేదికల వరదను ఆపడం

ఆర్‌టీపీతో పాటు వచ్చే ఆర్‌టీసీపీ నివేదికలు ఉన్నాయి కదా, అవి చాలవా అన్న ప్రశ్న సహజం. ఒక లెక్క చూద్దాం. ఆర్‌టీసీపీకి ప్రవాహం బ్యాండ్‌విడ్త్‌లో ఐదు శాతం కేటాయిస్తారు, అందులో ముప్పాతిక రిసీవర్లది. 3.2 ఎంబీపీఎస్ ప్రవాహానికి ఆ వాటా 120 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు). నివేదిక ఒక్కొక్కటి 100 బైట్లయితే సెకనుకు 150 నివేదికలు. పదివేల మంది రిసీవర్లుంటే ఒక్కొక్కరి వంతు నిమిషం దాటాక వస్తుంది. గణాంకాలకు అది సరిపోతుంది, రద్దీ నియంత్రణకు సరిపోదు.

టీఎఫ్‌ఎంసీసీ ఈ చిక్కును యాదృచ్ఛిక నిరీక్షణతో విప్పుతుంది. ప్రతి దఫాలోనూ, లెక్కించిన వేగం సెండర్ ప్రస్తుత వేగం కన్నా తక్కువ వచ్చిన రిసీవర్లు మాత్రమే మాట్లాడే అర్హత పొందుతాయి. వాటిలో ప్రతిదీ సున్నాకూ ఒకటికీ మధ్య ఒక యాదృచ్ఛిక సంఖ్య ఎంచుకుని, దఫా వ్యవధి × (1 + ఆ సంఖ్య లాగరిథమ్ ÷ 10000 లాగరిథమ్) అంత సమయం వేచి ఉంటుంది. రుణ సంఖ్య వస్తే వెంటనే పంపాలి. దఫా వ్యవధి అతి పెద్ద ఆర్‌టీటీకి ఆరు రెట్లు. ఈ అమరికలో పదివేల మందీ అర్హులైనా మొదట మాట్లాడేవారు ఒకరిద్దరే ఉంటారు. సెండర్ ఆ నివేదికలోని వేగాన్ని తన డేటా ప్యాకెట్లలో చాటుతుంది, దానికన్నా చెప్పుకోదగినంత తక్కువ వేగం చెప్పవలసినవారు తప్ప మిగతావారు తమ నివేదికలను రద్దు చేసుకుంటారు. దుస్థితిలో ఉన్నవారి నిరీక్షణ కొంత తగ్గేలా గడియారాన్ని వారివైపు మొగ్గు చూపిస్తారు.

అందరిలో తక్కువ వేగం చెప్పిన రిసీవర్‌ను ప్రస్తుత పరిమితి రిసీవర్ అంటారు, పొట్టిగా సీఎల్‌ఆర్. సీఎల్‌ఆర్‌కు నిరీక్షణ లేదు, ఇంచుమించు ప్రతి ఆర్‌టీటీకీ నివేదిక పంపుతుంది. ఇంకొకరు మరింత తక్కువ వేగం చెబితే సెండర్ వెంటనే ఆ వేగానికి దిగి, ఆ కొత్తవారినే సీఎల్‌ఆర్ చేస్తుంది. దిగడం తక్షణం, ఎక్కడం మాత్రం నెమ్మది: సీఎల్‌ఆర్ వెళ్లిపోయి పగ్గం తెగినప్పుడు వేగం ఒక్కో ఆర్‌టీటీకి ఒక్క ప్యాకెట్ చొప్పున మాత్రమే పెరగాలి. ఆరంభంలో కూడా, అందరిలో అతి తక్కువగా అందుకుంటున్న వేగానికి రెట్టింపును మించకూడదు.

పాడైన కేబుల్ ఉన్న ఒక్క కళాశాల మొత్తం గుంపును ఈడ్చుకుపోయే ప్రమాదం ఈ పద్ధతిలో ఎప్పుడూ ఉంటుంది. అందువల్ల కనీస వేగం ఒకటి ముందే నిర్ణయించి, దాన్ని కూడా అందుకోలేని రిసీవర్ గ్రూపు నుంచి తప్పుకోవాలన్న నియమం పెట్టాలి. తప్పుకోమని చెప్పే పని సెండర్‌కు వదలకుండా, రిసీవర్ ప్రోగ్రామ్‌లోనే రాయాలి.

ఆరో అడుగు: పొరలు కట్టడం, వైదొలగడం

పొరల పద్ధతికి ఆద్యం 1996లో మెకాన్, జాకబ్సన్, వెటర్లీ ప్రతిపాదించిన ఆర్‌ఎల్‌ఎం. రిసీవర్ అప్పుడప్పుడు ఒక పొర అదనంగా చేరి చూస్తుంది, నష్టం వస్తే వెనక్కి వస్తుంది, ఆ పొర కోసం మళ్లీ ప్రయత్నించే వ్యవధిని పెంచుకుంటుంది. వినడానికి బాగుంది. చిక్కు ఎక్కడంటే, ఒకే ఇరుకు లింకు వెనుక ఇద్దరు రిసీవర్లుండి, ఒకరు నాలుగో పొర చేరి చూస్తే నష్టం ఇద్దరికీ వస్తుంది. రెండో పొర దగ్గర హాయిగా ఉన్న రెండోవారు ఆ నష్టం తమదే అనుకుని కిందికి దిగుతారు. దిగినా ప్రయోజనం లేదు, మొదటివారు ఇంకా పైనే ఉన్నారు.

1998లో విచిసానో, రిజ్జో, క్రోక్రాఫ్ట్ ప్రతిపాదించిన ఆర్‌ఎల్‌సీ దీన్ని సెండర్ సాయంతో సరిదిద్దింది. మన పాఠానికి నేను ఎంచుకునేది దీని చట్రాన్నే. పొరల మొత్తం వేగం ప్రతి మెట్టుకూ రెట్టింపు కావాలి: 400 కేబీపీఎస్, 800, 1600, 3200. అంటే విడివిడిగా పొరలు 400, 400, 800, 1600 కేబీపీఎస్. పై పొర వదిలితే వేగం సరిగ్గా సగమవుతుంది, టీసీపీ నష్టం చూసి చేసేదీ అదే. పైకి ఎక్కే అవకాశం ఎప్పుడు పడితే అప్పుడు ఉండదు, సెండర్ ప్యాకెట్లలో గుర్తు పెట్టిన సమన్వయ బిందువుల దగ్గర మాత్రమే ఉంటుంది. ప్రతి బిందువుకు ముందు సెండర్ కొద్దిసేపు ఆ పొర వేగాన్ని రెట్టింపు చేసి, ఆ వెంటనే అంతే సేపు విరామం ఇస్తుంది. ఆ ఉరవడిని నష్టం లేకుండా తట్టుకున్న రిసీవర్ మాత్రమే తరవాతి పొర చేరాలి. దీనితో అదనపు పొర చేరకుండానే దారి సత్తా తెలుస్తుంది, ఒకే లింకు వెనుక ఉన్నవారందరూ ఒకే క్షణంలో నిర్ణయం తీసుకుంటారు. పై మెట్లకు బిందువుల మధ్య దూరాన్ని పెంచుతూ పోవాలి.

ఇక్కడే అసలు కష్టం మొదలవుతుంది. చేరడం తేలిక, వైదొలగడం నెమ్మది. ఐజీఎంపీ రెండో వెర్షన్‌లో రిసీవర్ వైదొలగుతున్నానని చెప్పగానే రౌటర్ ప్రవాహం ఆపదు. ఇంకెవరైనా వింటున్నారా అని సెకను వ్యవధితో రెండుసార్లు అడిగి, జవాబు రాకపోతే అప్పుడు ఆపుతుంది. మొదటి వెర్షన్‌లో అయితే వైదొలగుతున్నానని చెప్పే సందేశమే లేదు. మన లెక్కలో రెండు ఎంబీపీఎస్ లింకు వెనుక ఉన్న కళాశాల పొరపాటున నాలుగో పొర చేరిందనుకుందాం. మొత్తం 3.2 ఎంబీపీఎస్ వస్తోంది, 1.2 ఎంబీపీఎస్ ఎక్కువ. వైదొలగే సందేశం పంపాక కూడా రెండు సెకన్లపాటు ఆ అదనం వస్తూనే ఉంటుంది. అంటే 300 కిలోబైట్లు ఆ లింకు ముందు గుట్టపడి, బఫర్ నిండి పోతాయి. ఆ రెండు సెకన్లలో రిసీవర్ ఇంకా నష్టం చూసి మూడో పొర కూడా వదిలితే, ఆ తరవాత రెండోదీ వదిలితే, అనవసరంగా అడుగుకు చేరుతుంది.

అందుకని పొర వదిలిన ప్రతిసారీ రిసీవర్ కొంతకాలం చెవులు మూసుకోవాలి, అంటే ఆ వ్యవధిలో వచ్చే నష్టాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. ఎంతకాలం అన్నది ఊహించి రాయకుండా కొలవాలి: వైదొలగే సందేశం పంపిన క్షణం నుంచి ఆ గ్రూపు చివరి ప్యాకెట్ వచ్చేదాకా. పక్కవారు వింటూ ఉంటే ప్రవాహం ఆగదు కాబట్టి ఈ కొలతకు మూడు సెకన్ల వంటి పై హద్దు పెట్టుకోవాలి. ఐజీఎంపీ మూడో వెర్షన్‌లో ఎవరెవరు వింటున్నారో రౌటర్ పేరుపేరునా గుర్తుంచుకునే సదుపాయం ఉంటే, చివరివారు వెళ్లగానే ప్రవాహం ఆగిపోతుంది. రౌటర్ల నిర్వహణ మీ చేతిలో ఉంటే మొట్టమొదట చేయవలసిన పని దాన్ని ఆన్ చేయడమే. ఈ ఒక్క అమరిక, అల్గారిథమ్‌లో చేసే ఎన్నో సవరింపుల కన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

రౌటర్లు మీ చేతిలో లేకపోతే సమస్యను తిరగేసి చూసిన పరిశోధకుల దారి ఉంది. 2000లో వచ్చిన ఎఫ్‌ఎల్‌ఐడీ-డీఎల్ పద్ధతిలో ప్రతి పొర వేగం కాలంతో పాటు తనంతట తానే తగ్గిపోతుంటుంది. ఉన్న వేగం నిలుపుకోవాలంటే రిసీవర్ కొత్త పొరలు చేరుతూ ఉండాలి, వేగం తగ్గించుకోవాలంటే ఏమీ చేయకుండా ఊరుకుంటే చాలు. వైదొలగే ఆలస్యం దారిలోంచే తప్పుకుంటుంది. 2004లో ఆర్‌ఎఫ్‌సీ 3738గా వచ్చిన వెబ్‌ఆర్‌సీ దీన్ని సూత్రపు లెక్కతో కలిపి, ఆర్‌టీటీకి బదులు గ్రూపులో చేరమని అడిగినప్పటి నుంచి మొదటి ప్యాకెట్ వచ్చేదాకా పట్టే సమయాన్ని కొలుస్తుంది. అందులో రిసీవర్ సెండర్‌కు ఒక్క మాట కూడా చెప్పనవసరం లేదు, ఎన్ని లక్షల మంది ఉన్నా సెండర్ భారం మారదు. రికార్డు చేసిన పాఠాలను ఫైళ్లుగా పంచడానికి ఇది గొప్పగా ఉంటుంది. ప్రత్యక్ష వీడియోకు మాత్రం, ఒక పొరలో ఏ క్షణాన ఏ డేటా ఉందన్నది నిలకడగా ఉండదు కనుక, పొరలకూ వీడియో నాణ్యతకూ ముడిపెట్టడం కష్టం. ఈ కారణంతోనే ఆర్‌ఎల్‌సీ చట్రానికి నాలుగో అడుగులోని సూత్రాన్ని కాపలాగా జోడించమంటాను: సమన్వయ బిందువు అనుమతించినా, సూత్రం చెప్పిన వేగం పై మెట్టు కన్నా తక్కువగా ఉంటే ఎక్కకూడదు. ఆర్‌టీటీ తెలియని రిసీవర్ ఇక్కడ కూడా చేరిక సమయాన్ని వాడుకోవచ్చు.

ఏడో అడుగు: ఎన్‌కోడర్‌తో పొత్తు

పొరలుగా కోడ్ చేయడానికి హెచ్.264లో 2007 నుంచి ఎస్‌వీసీ ఉంది, వీపీ9, ఏవీ1 కూడా ఈ పని చేస్తాయి. పొరను ఎప్పుడైనా వదలవచ్చు, కానీ కొత్తగా చేరిన పొర తెర మీద కనబడాలంటే మారుబిందువుగా పనికివచ్చే ఫ్రేము, అంటే కీ ఫ్రేము, రావాలి. కాబట్టి సమన్వయ బిందువులను కీ ఫ్రేములకు కాస్త ముందుగా అమర్చితే చేరినవారు వృథాగా వేచి ఉండరు. ముందుగా అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది: కీ ఫ్రేము పెద్దది, పరీక్ష ఉరవడి దాని మీద పడితే వచ్చే నష్టం దేనివల్లో తెలియదు.

కీ ఫ్రేమును వచ్చింది వచ్చినట్లు లైను వేగంతో వదలకూడదు. 3.2 ఎంబీపీఎస్‌లో 1316 బైట్ల ప్యాకెట్ల మధ్య దూరం సుమారు 3.3 మిల్లీసెకన్లు ఉండాలి, 400 కేబీపీఎస్ పొరలో 26 మిల్లీసెకన్లు. లైనక్స్‌లో ఎఫ్‌క్యూ క్యూ విధానాన్ని పెట్టి సాకెట్‌కు గరిష్ఠ వేగం నిర్దేశిస్తే కెర్నెల్ ఈ దూరాన్ని పాటిస్తుంది. ఇలా నింపాదిగా పంపని సెండర్ తానే నష్టాన్ని పుట్టించి, దాన్ని రిసీవర్లు రద్దీగా చదివేలా చేస్తుంది.

ముందస్తు దిద్దుబాటు కోడ్‌ను వేగంలో భాగంగానే లెక్కించాలి. నష్టం పెరిగిందని దిద్దుబాటు ప్యాకెట్లను పైపైన పెంచడం ఈ రంగంలో తరచు కనబడే అపచారం. రద్దీ వల్ల పోతున్నచోట మరిన్ని ప్యాకెట్లు పోస్తే రద్దీయే పెరుగుతుంది. అవసరమైతే దిద్దుబాటును వేరే గ్రూపులో ఒక పొరగా ఉంచి, అది కావాలా, వీడియో పై పొర కావాలా అన్న ఎంపికను రిసీవర్‌కు వదలడం మేలు. ఆడియోను అడుగు పొరలో ఉంచి, దాన్ని బాగా కాపాడాలి, బొమ్మ మసకబారినా మాట వినబడితే పాఠం సాగుతుంది.

వైఫై గురించి ఒక మాట. యాక్సెస్ పాయింట్ మల్టీకాస్ట్ ఫ్రేములను అందినట్లు ధ్రువీకరణ లేకుండా, సాధారణంగా తక్కువ వేగంలో పంపుతుంది. ఆ నష్టం రద్దీ కాదు, కానీ మన సూత్రానికి ఆ తేడా తెలియదు. 2021 నాటి ఆర్‌ఎఫ్‌సీ 9119 ఈ ఇబ్బందులను వివరంగా చర్చించింది. చివరి గెంతులో మల్టీకాస్ట్‌ను యూనికాస్ట్‌గా మార్చే సదుపాయం యాక్సెస్ పాయింట్‌లో ఉంటే వాడాలి, లేదా రిసీవర్‌ను తీగతో కలిపి తరగతి గదికి అక్కడి నుంచి చూపాలి.

ఎనిమిదో అడుగు: పరీక్షించడం

ఒకే లైనక్స్ యంత్రంలో నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌లతో ఒక సెండర్, ఒక రౌటర్, ముగ్గురు రిసీవర్లు కట్టవచ్చు. ఇద్దరిని రెండు ఎంబీపీఎస్ లింకు వెనుక, ఒకరిని పది ఎంబీపీఎస్ లింకు వెనుక ఉంచి, టీసీ సాధనంతో వేగాన్నీ, నెట్‌ఎమ్‌తో 50 మిల్లీసెకన్ల ఆలస్యాన్నీ అమర్చాలి. ఇరుకు లింకు బఫర్‌ను 25 కిలోబైట్లు చేస్తే అది 100 మిల్లీసెకన్ల ప్రవాహానికి సమానం, మన ప్యాకెట్లు సుమారు 18 పడతాయి. నెట్‌ఎమ్‌లో యాదృచ్ఛిక నష్టాన్ని మాత్రమే పెట్టి పరీక్ష ముగించకూడదు. యాదృచ్ఛిక నష్టం మీరు వేగం తగ్గించినా తగ్గదు, నిండిన క్యూ వల్ల వచ్చే నష్టం తగ్గుతుంది, నియంత్రణ పనిచేస్తోందో లేదో చెప్పేది ఆ రెండోదే. ఊరకే రాకపోకలు పుట్టించడానికి ఐపెర్ఫ్ వాడేవారు రెండో వెర్షన్ తీసుకోవాలి, మూడో వెర్షన్‌లో మల్టీకాస్ట్ లేదు.

మొదటి పరుగులో టీసీపీ లేకుండా చూడాలి. రెండు ఎంబీపీఎస్ వెనుక ఉన్న ఇద్దరూ 1600 కేబీపీఎస్ మెట్టు మీద స్థిరపడాలి, మూడోవారు 3200 మీద. ఇరుకు లింకు వెనుక ఉన్న ఆ ఇద్దరూ వేర్వేరు మెట్ల మీద ఎక్కువసేపు ఉంటే సమన్వయ బిందువుల అమలులో లోపం ఉంది. రెండో పరుగులో ఆ లింకు మీద ఒక టీసీపీ ప్రవాహం వదలాలి. వాటా ఒక ఎంబీపీఎస్ చొప్పున కనుక రిసీవర్లు 800కు దిగి, అప్పుడప్పుడు 1600కు ఎక్కి వెంటనే దిగుతుండాలి. కొన్ని నిమిషాల సగటు మీద మన ప్రవాహం టీసీపీకి రెట్టింపు లోపల, సగం పైన ఉంటే న్యాయంగా ఉన్నట్లే. టీఎఫ్‌ఎంసీసీకి యూనికాస్ట్ మూలమైన టీఎఫ్‌ఆర్‌సీ ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 5348 వాడే కొలబద్ద కూడా ఇదే. మూడో పరుగులో ఇరుకు లింకును హఠాత్తుగా 500 కేబీపీఎస్‌కు కుదించి, రిసీవర్లు అడుగు పొరకు చేరడానికి ఎన్ని సెకన్లు పట్టిందో, చెవులు మూసుకునే కాలం వల్ల అందులో ఎంత ఆలస్యమైందో రాసుకోవాలి. నాలుగో పరుగులో దాన్నే 300కు కుదించాలి. అడుగు పొర కూడా పట్టని ఈ స్థితిలో రిసీవర్ పూర్తిగా వైదొలగి, వినియోగదారుకు కారణం చూపి, మళ్లీ ప్రయత్నించే ముందు వేచి ఉండే కాలాన్ని ప్రతిసారీ పెంచుకోవాలి. ఈ నాలుగో పరుగు నెగ్గని ప్రోగ్రామ్‌ను సొంత నెట్‌వర్క్ దాటి బయట నడపకూడదు.